నంబరు లేని ఆరు మాత్రలు

నేను ఒక మాత్రల షీటు ముక్కని. ముక్కనని చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. సిగ్గుపడాల్సినవాళ్ళు వేరే ఉన్నారు, వాళ్ళ సంగతి వరసగా చెబుతాను. పుట్టినప్పుడు నాకు పది మాత్రలుండేవి, ఒక చివర నల్ల అక్షరాల్లో, ఏ విడతలో తయారయ్యానో చెప్పే నంబరు కూడా ఉండేది. ఇప్పుడు రెండు మాత్రలు మిగిలాయి. నంబరు పోయింది. ఫిట్స్ రాకుండా ఆపే మందునని నా వీపు మీద రాసి ఉంటుంది. మనుషులు రాసే రాతల్ని నమ్మడం నేనెప్పుడో మానేశాను, నా వీపు మీది రాతతో సహా.

నేను పుట్టిన ఫ్యాక్టరీలో అడుగుపెట్టాలంటే తలకు టోపీ, మూతికి గుడ్డ, కాళ్ళకు సంచులు తొడుక్కోవాలి. ఆ వేషం చూస్తే ఎవరికైనా నమ్మకం కలుగుతుంది. మా పొడులు కలిపేరోజు యంత్రం సగంలో ఆగిపోయింది. మందుపొడి అడుగునే ఉండిపోయింది, పైనున్నదంతా వట్టి పిండి. బాగుచేసే మనిషి వచ్చి వెళ్ళేసరికి షిఫ్టు మారే వేళయింది. కొత్తగా వచ్చినాయన, "అంతా కలిసిందా?" అనడిగాడు. వెళ్ళిపోయేవాడు చెప్పులేసుకుంటూ, "కలిసే ఉంటుందిలే" అన్నాడు. ఆహా, ఏం మాట! ఈ 'ఉంటుందిలే' అనే మాట మీద ఎన్ని పనులు నడుస్తున్నాయో చూస్తే భూమి ఇంకా తిరుగుతున్నందుకే ఆశ్చర్యం వేస్తుంది. మమ్మల్ని పరీక్ష చేయాల్సిన పెద్దమనిషి వారానికి సరిపడా సంతకాలు సోమవారమే పెట్టేసుకున్నాడు. అలా నేను పిండిబిళ్ళగా పుట్టి, మందుబిళ్ళ పేరుతో వెండిరంగు కాగితం కట్టుకుని బయటికొచ్చాను.

గోదావరి పక్కన ఒక చిన్న టౌనులో తాతాజీ అనే ఆయన మందుల షాపుకి చేరాను. తాతాజీ చదువు ఇంటర్ దగ్గరే ఆగింది. గోడకి అద్దం కట్టించి వేలాడదీసిన ఫార్మసీ సర్టిఫికెట్టు మీద ఫోటో ఆయనది కాదు, అద్దెకు తెచ్చుకున్న వేరే ఎవరిదో. ఆ ఫోటోకి మీసాలు లేవు, తాతాజీకి బారెడున్నాయి. అయినా ఊరంతా ఆయన్ని డాక్టరుగారనే పిలుస్తుంది. తేడా చూడాలంటే తలెత్తి గోడవంక చూడాలి కదా, అంత ఓపిక ఎవరికుంది!

ఆ ఊళ్ళో షీటంతా కొనేవాళ్ళు తక్కువ. రెండివ్వండి, నాలుగివ్వండి అంటారు. తాతాజీ కత్తెర తీసి కోసిస్తాడు. నంబరున్న చివరను ఆఖరిదాకా ఉంచి, రెండోవైపు నుంచి కోస్తూ రావాలని ఆయనకెవరో చెప్పారు. విన్నాడు. వినడం వరకే. ఏ చివర చేతికొస్తే ఆ చివర కోస్తాడు. ఒకరోజు బస్సుకు టైమైపోతోందని గోలపెడుతున్న పక్కూరి ముసలాయనకు నాలుగు మాత్రలు కోసిచ్చాడు. వాటితోపాటు నా నంబరు కూడా బస్సెక్కి వెళ్ళిపోయింది.

నేను పుట్టిన ఏడు నెలలకు కంపెనీకి మెలకువ వచ్చింది. ఫలానా నంబరు మాత్రల్లో ఉండాల్సినంత మందు లేదు, అమ్మకండి, వాడకండి, ఉన్నవన్నీ వెనక్కి పంపండి అని కబురు పెట్టింది. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరగడమంటే ఇదే. పేపర్లో ఆ కబురు రాశిఫలాల కింద అగ్గిపెట్టెంత చోటులో వేశారు. మందుల షాపులవాళ్ళ వాట్సాప్ గ్రూపులో అయితే ఒక శుభోదయం గులాబీకీ ఎవరిదో పుట్టినరోజు కేకుకీ మధ్య వచ్చిపడింది. కింద పదిహేడు మంది దణ్ణం బొమ్మలు పెట్టారు. దణ్ణం కేకుకో కబురుకో పెట్టినవాళ్ళకే తెలియాలి.

తాతాజీ కబురు చదివాడు. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆరోజే ఆ నంబరున్న నిండు షీట్లన్నీ ఏరి, కట్ట కట్టి, కాగితం రాసి పంపించేశాడు. మిగిలింది నేను. కోసిన ముక్కల్ని కంపెనీ వెనక్కి తీసుకోదు. పారేస్తే తనకు నష్టం. నన్ను వెలుగులో పెట్టి అటూ ఇటూ తిప్పాడు. నంబరు ఎక్కడా కనపడలేదు. ఆ ముఖంలో అప్పుడు కనిపించిన హాయి నేను మళ్ళీ ఎవరి ముఖంలోనూ చూడలేదు. నన్ను ముక్కలు వేసే డబ్బాలో పడేశాడు. నేను ఏ షీటుకి ముక్కనో ఆయనకు తెలియక కాదు, కోసిన చేయి ఆయనదే.

మూడోరోజు చక్రవేణి వచ్చింది. బస్టాండు ఎదురుగా బజ్జీల బండి పెట్టుకున్న మనిషి. మరిగే నూనె ముందు నిలబడే పని. అలాంటి పనిలో ఉన్నవాళ్ళకి ఫిట్స్ వస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఈ మందు వాడటం మొదలుపెట్టిన రెండేళ్ళలో ఆమెకి ఒక్కసారి కూడా రాలేదు. ఆ ధైర్యంతోనే బండి పెట్టుకుంది. మొగుడు గంగరాజు రైసుమిల్లులో బస్తాలు మోస్తాడు. మళ్ళీ ఒక్కసారి వచ్చిందంటే బండి మూయించేస్తానని మొదటిరోజే చెప్పాడు.

"డాక్టరుగారూ, ఫిట్సు మాత్రలేయో ఎనక్కి తీసేసుకుంటన్నారంటగదండీ? బజ్జీలకొచ్చిన మేస్టారు పేపర్లో చూసి చెప్పారు" అంది.

"ఆ షీట్లన్నీ మొన్నే పంపించేశానమ్మా" అంటూ తాతాజీ నన్ను ఆమె చేతిలో పెట్టాడు.

చక్రవేణి నన్ను తిరగేసి చూసింది. "మరి దీనిమీద నెంబరేదండీ?"

"గొడవంతా ఆ నెంబరు మీదే కదమ్మా. నీదానికసలు నెంబరే లేదు. ఇంక నీకు భయమేంటి!"

వెనక నిలబడ్డ ఇద్దరు అవునవునని తలలూపారు. పేరు లేనివాడి మీద కేసుండదు కాబట్టి వాడు దొంగే కాదన్నమాట! ఇలాంటి తెలివి మాత్రల్లో పెట్టి అమ్మితే ఏ కంపెనీ వెనక్కి తీసుకోదు. చక్రవేణి నమ్మింది. ఆమెను నేను తిట్టలేను. గోడ మీద సర్టిఫికెట్టు, ఎదురుగా డాక్టరుగారు, నమ్మకపోతే ఎక్కడికి పోతుంది?

నాలుగు రోజులు ఆమె ఇంట్లో దేవుడి అలమరలో ఉన్నాను. పొద్దున్నే రెండిడ్లీలు తిని, నా దగ్గరికొచ్చి, ఒకటి తీసి, గ్లాసెడు నీళ్ళతో మింగేది. మింగాక ఒక్కసారి కళ్ళు మూసుకునేది. పిండికి దణ్ణం పెడుతున్నావమ్మా అని అరవాలనిపించేది. నాకు నోరు లేదు. నోరున్నవాళ్ళు వాట్సాప్‌లో ఉన్నారు.

నాలుగోరోజు సాయంత్రం బండి దగ్గర పడిపోయింది. ఆ సంగతి తర్వాత ఇంట్లో విన్నాను. పడేటప్పుడు మూకుడు తగిలి మోచేతినుంచి మణికట్టుదాకా నూనె పడింది. చుట్టూ మూగినవాళ్ళు నీళ్ళు పోయడం మానేసి, కాలిన చేతిలో తాళాలగుత్తి పెట్టి గట్టిగా బిగించారట. ఇనుము పట్టుకుంటే ఫిట్స్ ఆగుతుందని ఎవరో చెప్పారు, ఎవరు చెప్పారో ఎవరికీ తెలియదు. చర్మం తాళాలకంటుకుని వచ్చింది.

ఆసుపత్రినుంచి తీసుకొచ్చాక గంగరాజు తిట్టడం మొదలుపెట్టాడు. "మత్తుగా ఉంటందని మానేశావు. నాకు తెల్దనుకున్నావా?"

"పిల్లమీద ఒట్టండీ, ఒక్కరోజు కూడా మాన్లేదు."

"మానకపోతే ఎందుకొచ్చిందే? మందుకి కాళ్ళొచ్చి పారిపోయిందా?"

ఆమె ఎడంచేత్తో నన్ను తెచ్చి చూపించింది. "ఆరిట్లో నాలుగు అయిపోయినియ్యి. మీరే చూసుకోండి."

"దొడ్లో పారేసుంటావు" అన్నాడు గంగరాజు.

ఆసుపత్రి చీటీలో అప్పటికే 'మందులు సరిగా వాడలేదు' అని రాసేశారు. ఆమెను ఒక్క ప్రశ్న కూడా అడగకుండా రాసిన రాత అది. గంగరాజుకి చదువు రాదు గానీ ఆ చీటీని మాత్రం వచ్చినవాళ్ళందరికీ చూపించాడు. మర్నాడే బండి తీసుకెళ్ళి ఎవరికో అమ్మేశాడు. చక్రవేణి నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. ఆమె ఏడ్చింది కాలిన చేతికి కాదు, బండికి కూడా కాదు. అబద్ధాలకోరని మొగుడే అన్నందుకు.

మూడోరోజు కట్టుకట్టిన చేత్తో తాతాజీ షాపుకెళ్ళింది. నన్ను బల్లమీద పెట్టి, "ఇందులో మందుందాండీ?" అనడిగింది. అరవలేదు.

తాతాజీ ఆమె చేతివంక చూసి, చూపు తిప్పుకున్నాడు. "ఇది మా షాపులోదని ఎక్కడ రాసుందమ్మా?"

"రాసున్నవైపు మీరే కోసేశారు కదండీ" అంది చక్రవేణి.

 షాపులో నిలబడ్డ ఒకాయన గొంతు సవరించుకుని, "నా దగ్గుమందు ఇచ్చెయ్యండి డాక్టరుగారూ, ఆలస్యమైపోతంది" అన్నాడు. థూ!

ఆమె నన్ను కొంగున ముడేసుకుని బస్సెక్కి, జిల్లా కేంద్రంలో మందుల ఇన్‌స్పెక్టరు ఆఫీసుకెళ్ళింది. అక్కడ నన్ను కవర్లో పెట్టి, లక్క వేసి, సంతకాలు చేశారు. నాకు జరిగిన మర్యాద జీవితంలో అదొక్కటే. ఇన్‌స్పెక్టరు తాతాజీ షాపుకి వెళ్ళి కాగితాలు చూశాడు. నిండు షీట్లన్నీ లెక్కప్రకారం వెనక్కి వెళ్ళాయి. కంపెనీ కాగితాలూ సక్రమం, షాపు కాగితాలూ సక్రమం. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం.

నెల తర్వాత చక్రవేణికి ఉత్తరం రాశారు. నకలు నా పక్కనే ఈ ఫైల్లో ఉంది. పరీక్షకు రెండు మాత్రలు చాలవట. నంబరు లేదు కాబట్టి ఏ విడతలో చేశారో చెప్పలేరట. ఆఖర్న ఒక సలహా కూడా ఇచ్చారు: ఇకముందైనా మందులు క్రమం తప్పకుండా వాడవలెను.

ఆ ఉత్తరం ఆమె ఎవరిచేత చదివించుకుందో, గంగరాజు విని ఏమన్నాడో నాకు తెలియదు. ఈ ఆఫీసులో నన్ను పెట్టిన బీరువా తలుపు తెరిచేవాళ్ళు లేరు. ఈ కథలో ఉన్నవాళ్ళందరి సంతకాలూ ఏదో ఒక కాగితం మీద ఉన్నాయి, ఆమెది తప్ప. అందరి కాగితాలూ కలిసి ఆమెదే తప్పని తేల్చాయి. ఆ నాలుగు పొద్దులూ ఆమెను చూసినదాన్ని నేనొక్కదాన్నే. అడిగేవాళ్ళు లేకపోయినా చెబుతున్నాను, వినండి. చక్రవేణి ఒక్కరోజు కూడా మందు మానలేదు. నాలోనే మందు లేదు.