బొటనవేలి కింది కండ

ఇంటర్ రెండో సంవత్సరం జువాలజీ పరీక్షలో కండర సంకోచం మీద ఎనిమిది మార్కుల ప్రశ్న వచ్చింది. మూడు పేజీలు రాశాను. సన్నని ఆక్టిన్ తంతువులు, మందమైన మయోసిన్ తంతువులు, మయోసిన్ తలలు ఆక్టిన్‌ను పట్టి లాగడం, తంతువులు తాము పొట్టివి కాకుండానే ఒకదాని పక్కగా ఒకటి జారడం, దాంతో కండ మొత్తం కురచ కావడం. బొమ్మ కూడా వేశాను. ఇంత తెలిసిన నా కళ్ళ ముందే మా నాయన చెయ్యి ఎండిపోయింది. చదవేస్తే ఉన్న మతి పోయిందని పెద్దలు ఊరికే అనలేదు.

మా నాయన నిరంజన్ గద్వాలలో చీరలు నేస్తాడు. గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచు పట్టు. వరుస వరుసకూ నూలుపోగునూ పట్టుపోగునూ వేళ్ళతో మెలివేసి కలపాలి. అందుకే మగ్గంలో ఇద్దరు కూర్చుంటారు. నేసే మనిషి నడుమ, అంచు పోగు మోసే నాడెను అటునుంచి అందించే మనిషి పక్కన. పక్క చోటు పెళ్ళాలదీ పిల్లలదీ. మా ఇంట్లో అది అమ్మది. నడుమ కూర్చున్నవాడికి బొటనవేలే ఆస్తి.

పరీక్షలు అయిన ఏడాది వానాకాలంలో నాయన కుడిచేతికి తిమ్మిర్లు మొదలయ్యాయి. పొద్దున లేచేసరికి బొటనవేలూ దాని పక్క రెండు వేళ్ళూ మొద్దుబారి ఉండేవి. మగ్గం మీద ఏది వదులైనా బిగించడమే మావాళ్ళకు తెలిసిన వైద్యం. నాయన మణికట్టుకు పట్టుపేలిక నాలుగు చుట్లు చుట్టి గట్టిగా ముడివేశాడు. మా వీధిలో సగం చేతులకు అవే కట్లు.

"పని జెయ్యని కండ కరిగిపోతది, చేసిన కండ పెరుగుతది నాయినా. మా పుస్తకంల ఉంది" అన్నాను నేను.

రబ్బరు బంతి కొనితెచ్చి రోజుకు రెండు వందల సార్లు పిసకమన్నాను. కట్టు వదులైతే నేనే బిగించేదాన్ని.

అమ్మ మాత్రం ఒకటే మాట: "దవాఖానకు పోదం పా."

"ఇంట్ల సదువుకున్న బిడ్డ ఉండంగ దవాఖాన ఎందుకే విజయా" అన్నాడు నాయన. ఆ మాటకు నేను పొంగిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

దసరా దాటాక మెలి జారసాగింది. అంచు దగ్గర పోగులు వదిలి చీరలో సందులు పడ్డాయి. నాయన కట్టు ఇంకా బిగించాడు. బంతి మూడు వందల సార్లు పిసికాడు. ఉగాది నాటికి బొటనవేలి కింద ఎత్తుగా ఉండాల్సిన కండ పోయి గుంట పడింది.

అప్పుడు వనపర్తిలో నరాల డాక్టరు దగ్గరికి పోయాం. సూదులు గుచ్చి, కరెంటు పెట్టి చూశాడు. అమ్మానాయనలు బయటికి నడిచాక నన్ను ఆగమన్నాడు.

"మణికట్టు దగ్గర నరం నలిగిపోయిందమ్మా. నరం నుంచి కబురు రాకుంటే కండ ఎట్లా ముడుచుకుంటుంది? పైగా గట్టి కట్టు, బంతి. ఎవరు చెప్పారు ఇవన్నీ? మొదట్లోనే వస్తే చిన్న ఆపరేషన్‌తో పోయేది. ఇప్పుడు చేస్తే తిమ్మిరి తగ్గుతుంది. కండ మళ్ళీ రావడం కష్టం."

నా మూడు పేజీల జవాబులో మొదటి వాక్యమే అది. నరం నుంచి సంకేతం అందాకే తక్కినవన్నీ జరుగుతాయని గుండ్రటి అక్షరాలతో రాశాను. ఇంట్లో మనిషికి పనికిరాని చదువు ఎందుకు, తగలబెట్టనా?

బయట నాయన అడిగాడు. "ఏమంటుండు బిడ్డా?"

"వయసుతోని వచ్చిందంట నాయినా." అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో నోటికి.

ఆపరేషన్ అయింది. తిమ్మిరి పోయింది. మెలి రాలేదు. ఇప్పుడు అమ్మ నడుమ కూర్చుంటుంది. ముప్పై ఏళ్ళు నడుమ కూర్చున్న నాయన పక్కకు జరిగి ఎడమచేత్తో నాడె అందిస్తాడు. ఆలస్యమైతే అమ్మ ఏమీ అనకుండా ఆగుతుంది. ఆ ఆగడమే నాకు ఎక్కువ బాధ. వీధిలో ఎవరు పలకరించినా నాయనది ఒకే జవాబు: "నా బిడ్డ కసరత్తు జేపిచ్చింది కాబట్టే చెయ్యి గిన్ని రోజులన్న నడిసింది."

మొన్న నాలుగిళ్ళ అవతలి బాలన్న వచ్చాడు. ఆయనా నేసేవాడే. కుడి మణికట్టుకు పట్టుపేలిక బిగించి ఉంది.

"వేళ్ళు తిమ్మిరి వడుతున్నయ్ బిడ్డా. మీ నాయిన నిన్నడుగుమన్నడు. బంతి ఏందో జర జెప్పు."

మగ్గంలోంచి నాయన నవ్వుతూ అన్నాడు. "జెప్పు బిడ్డా, నాకు జెప్పినట్లే జెప్పు."

బాలన్న చేతికున్న కట్టును చూస్తూ ఇంకొక అబద్ధం ఆడలేకపోయాను.

"బంతి వద్దు పెదనాయినా. ఆ కట్టు ఇప్పుడే ఇప్పెయ్. రేపే డాక్టరుకు చూపించుకో. నరం నలుగుతుంటది, కట్టుతోని ఇంకా నలుగుతది. నాయినకు వయసుతోని రాలేదు. డాక్టరు అప్పుడే చెప్పిండు. నేను తప్పు జెప్పి చెయ్యి చెడగొట్టిన, మళ్ళ దాచిపెట్టిన."

అమ్మ చేతులు మగ్గం మీదే నిలిచిపోయాయి. బాలన్న తల వంచుకుని ముడి విప్పుకోసాగాడు. ఒక చేత్తో రాకపోతే నాయన మగ్గంలోంచి లేచి వచ్చి, ఎడమచేత్తోనే సాయం పట్టి, ఆ ముడి విప్పాడు.

"పొద్దుగాల బస్సుకు పోదం బాలన్నా. నేను గూడ వస్త. ఆ డాక్టరు నాకు ఎరికే" అన్నాడు.

నా దిక్కు చూడలేదు. ఇవాళ్టికి పదకొండు రోజులు. ఇంకా చూడలేదు.