దేవుడి గూట్లో నాజిళ్ళు

హ్యాండిల్‌ను లారీ ముక్కులోకి దూర్చి, ఎడమ చెయ్యి బంపరు మీద ఆనించి, గురువులు ఇంజనును ఒక చుట్టు తిప్పాడు. లోపల బరువైనదేదో కదిలి ఆగింది. ఇంకో చుట్టు తిప్పాడు. బిగుసుకుపోకుండా ఉండడానికి అది చాలు. హ్యాండిల్ బయటికి లాగి, తుడిచి, సీటు కింద పెట్టాడు. ఓడరేవు పక్కన వాట్‌గంజ్‌లోని ఆ యార్డులో పదిహేనేళ్ళుగా ఆయన రోజు ఇలాగే మొదలవుతోంది. టీ కూడా ఆ తర్వాతే.

లారీ గోడ వారన నిలబడి ఉంది. ముందుకు పొడుచుకొచ్చిన బానెట్ వల్ల డాక్ కూలీలు దాన్ని ముక్కు లారీ అనేవారు. చెక్క క్యాబిన్ మీద పచ్చరంగు పొలుసులుగా లేచింది. వెనక తొట్టిలో పేరుకున్న మట్టిలో బొప్పాయి మొలిచి, ఎవర్నీ అడక్కుండా రెండు కాయలు కూడా కాసింది. ఇరవై నాలుగేళ్ళు గురువులు ఆ బండిని డాక్ నుంచి గోదాములకు, గోదాముల నుంచి డాక్‌కు తోలాడు. జనపనార మోశాడు, చక్కెర మోశాడు, ఒక వరదలో మనుషుల్ని కూడా మోశాడు. పదిహేనేళ్ళు దాటిన బళ్ళు నగరంలో తిరగకూడదని ఉత్తర్వు వచ్చిన ఏడాది దాన్ని ఇక్కడ నిలిపాడు. లారీ యజమాని మంచివాడు కాబట్టి ఆయన్ని అదే యార్డుకు దర్వానుగా ఉంచాడు. ఓడలు బళ్ళవుతాయంటారు గాని, బండి తోలినవాడు గేటు తీసేవాడవడం అంతకన్నా త్వరగా జరుగుతుంది.

గురువులుకు అరవై ఏడేళ్ళు. పొట్టి మనిషి. స్టీరింగు పట్టి పట్టి భుజాలు మాత్రం భారీ మనిషివి. కుడికాలు ఇప్పటికీ నడిచేటప్పుడు ఆక్సిలరేటరు తొక్కినట్టు ముందు పడుతుంది. శ్రీకాకుళం వైపు నుంచి పద్దెనిమిదో ఏట వచ్చాడు. పిల్లలు లేరు. భార్య జగ్గమ్మ డాక్ గేటు దగ్గర కూలీలకు ఇడ్లీలు అమ్ముతుంది. ఆయన గురించి ఎవరైనా చెప్పమంటే ఇంతకన్నా ఎక్కువ చెప్పగలిగేవాళ్ళు వాట్‌గంజ్‌లో లేరు.

రెండు నెలల కిందట ప్రసన్నకుమార్ గేటు సందులోంచి లారీని చూశాడు. విజయవాడ నుంచి ఇక్కడికి బదిలీ అయిన బ్యాంకు ఆఫీసరు. పాత బళ్ళంటే పిచ్చి. పెళ్ళిచూపులకు వచ్చినవాడిలా చుట్టూ మూడుసార్లు తిరిగి, బానెట్ మీద చెయ్యి వేసి, "ఇది మళ్ళీ రోడ్డెక్కుతుందా అండీ?" అని అడిగాడు. లారీ గురించి ఆ ప్రశ్న అడిగినవాడు పదిహేనేళ్ళలో అతనొక్కడే. గురువులుకు ఆ కుర్ర ఆఫీసరు మీద అప్పుడే అభిమానం పుట్టింది.

అయితే బండిని అతనొక్కడే కొనలేదు. న్యూ టౌన్‌లో హోటలు పెడుతున్న స్నేహితుడు రమణబాబుతో కలిసి కొన్నాడు. స్నేహితులిద్దరికీ ఒప్పందం ఒకటే. ఇంజను పలికితే లారీని షెడ్డుకు తీసుకెళ్ళి పూర్తిగా బాగుచేయిస్తారు. పలకకపోతే ఇంజను పీకేసి, రంగులు పూసి, హోటలు ముందు బొమ్మగా నిలబెడతారు. హోటలు ప్రారంభం దగ్గరపడింది. ఇవాళ మధ్యాహ్నం మూడింటికి క్రేను వస్తుంది. ఈలోగా ఇంజను పలకాలి.

పలకడానికి ఒక్కటే కొరత. డీజిలును ఇంజనులోకి చిమ్మే నాజిళ్ళు, వేలెడంతేసివి ఆరు, బండికి లేవు. వాటికోసం ప్రసన్నకుమార్ మల్లిక్ బజార్‌లో పాత సామాన్ల కొట్లన్నీ గాలించాడు. ఆ కొలతవి దొరకలేదు. అతను దిగాలుగా వస్తే గురువులు నవ్వాడు.

"ఏటి బాబూ అలగ తిరుగుతారు? నాజిళ్ళు మాయింట్ల ఉన్నాయి. బండి ఆపిన్నాడే ఇప్పీసి, దేముడి గూట్ల ఎట్టినాను. నాజిల్ నేకపోతే బండినెవడెత్తుకుపోతాడు?"

ఆగిన బండి నాజిళ్ళు డ్రైవరు ఇంట్లో దాచుకోవడం డాక్‌లో పాత అలవాటు. గురువులు ఆ పని చేసి, గూటి ముందు ఒక దండం పెట్టి, ఆ సంగతి వదిలేశాడు. గూడు జగ్గమ్మ రాజ్యం. ఆయన రోజూ గడప దగ్గర నిలబడి చెప్పులతోనే నమస్కారం చేసి యార్డుకు వచ్చేసే భక్తుడు.

పది గంటలకు ప్రసన్నకుమార్ కారు డిక్కీలో కొత్త బ్యాటరీ తెచ్చాడు. ఇద్దరూ కలిసి వైర్లు బిగించారు. గురువులు టాంకులో డీజిలు పోసి, పంపులోంచి గాలి తీశాడు. స్టార్టరు నొక్కితే ఇంజను చకచకా తిరిగింది. ప్రసన్నకుమార్ ఇస్త్రీ చొక్కాకు మసి అంటుకుంది. అతను దాన్ని చూసుకుని మురిసిపోయాడు.

"పదిహేనేళ్ళ తర్వాత ఇంత తేలిగ్గా తిరుగుతోందంటే మీ చెయ్యేనండీ," అన్నాడు.

గురువులు చెవులు ఎర్రబడ్డాయి. పొగడ్తకు ఆయనకు అలవాటు లేదు.

పన్నెండింటికి జగ్గమ్మ వచ్చింది. ఒక చేతిలో అన్నం క్యారియరు, రెండో చేతిలో చిన్న ఇత్తడి డబ్బా. నాజిళ్ళను పంపించమంటే ఆమె ఒప్పుకోలేదు. తలస్నానం చేసి, గూట్లోంచి తనే దించి తెస్తానంది. డబ్బా మూత తీసి ఇద్దరి ముందూ పెట్టింది.

"సూడండి బాబూ, బంగారంలాగున్నాయి. మాకు కూడెట్టిన బండియి. శుక్రారం శుక్రారం సింతపండు, ఇటికపొడి ఎట్టి తోమినాను. లోపల పుల్లల్లాంటియి ఉంటే అయి గూడా బైటికి తీసి, అన్నీ కలిపి తోమినాను."

నాజిళ్ళు నిజంగానే తళతళలాడుతున్నాయి. ప్రతిదానికీ కుంకుమ బొట్టు ఉంది. గురువులు ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. తాను నూనె గుడ్డలో చుట్టి పెట్టిన నల్లటి వస్తువు ఇది కాదు. దీని లోపల సూది వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోవాలి. ఏ నాజిల్ సూది ఆ నాజిల్‌లోనే ఉండాలి. ఆయన దాన్ని ఊపి చూశాడు. ఇటుకపొడికి అరిగిన సూది లోపల గలగలమంది.

ఆయన మొహం మారనివ్వలేదు. "అన్నం అక్కడెట్టు, తింటాను," అన్నాడు.

కన్నాల్లో గట్టిపడిన పసుపు కుంకుమలను సన్నటి తీగతో పొడిచి తీశాడు. సూదుల్ని మార్చి మార్చి జతలు వెతికాడు. డీజిలు గొట్టానికి ఒక్కొక్కటే తగిలించి, ప్రసన్నకుమార్‌ను స్టార్టరు నొక్కమన్నాడు. మంచి నాజిలైతే డీజిలు పొగమంచులా చిమ్మాలి. మొదటిది ముక్కు కారినట్టు కారింది. రెండోదీ, మూడోదీ అంతే. నాలుగోది మాత్రం మెత్తగా, పొగలా చిమ్మింది. ముగ్గురూ ఒక్కసారి ఊపిరి పీల్చారు. మిగిలిన రెండూ కారాయి. ఆరింట ఒకటి. ఒక్క దానితో ఆరు సిలిండర్ల ఇంజను పలకదు. ఆ సంగతి తెలిసినా గురువులు ఇంకో గంట కష్టపడ్డాడు. అన్నం చల్లారిపోయింది.

"ఇవి ఇలా ఎందుకయ్యాయి గురువులుగారూ?" అని అడిగాడు ప్రసన్నకుమార్. గొంతులో కోపం లేదు, బాధ ఉంది.

జగ్గమ్మ క్యారియరు పక్కన నిలబడి ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది.

గురువులు చేతులు తుడుచుకున్నాడు. "తప్పు నాదే బాబూ. దాసినపుడు సమురు రాయడం మర్సిపోనాను. తుప్పట్టీసింది."

నలభై రెండేళ్ళ కాపురంలో తప్పు నాదని ఆయన అనడం అదే మొదటిసారి. పైగా నూనె రాయడం మరిచానని చెప్పుకోవడం డ్రైవరుకు తలవంపు. ప్రసన్నకుమార్ తన అరచేతిలోని నాజిల్‌ను చూశాడు. మచ్చ కూడా లేకుండా మెరుస్తోంది. దాని మీద కుంకుమ చూశాడు, జగ్గమ్మను చూశాడు. తర్వాత తల వంచాడు.

"అవునండీ. తుప్పే," అన్నాడు.

అతను కారు దగ్గరికి వెళ్ళి రమణబాబుతో చాలాసేపు ఫోన్లో మాట్లాడాడు. ఒక నెల గడువు అడిగాడు, వారం అడిగాడు. తిరిగొచ్చేటప్పుడు నడకలోనే జవాబు తెలిసిపోయింది.

క్రేను చెప్పిన వేళకే వచ్చింది. ఇంజను విప్పడానికి మనిషి కావాలన్నారు. గురువులు ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. గొట్టాలు తీశాడు, గేరుబాక్సు నుంచి వేరు చేశాడు, బోల్టుల్ని ఒక్కొక్కటే వదులు చేశాడు. ఏ బోల్టు ఎన్ని చుట్లకు వస్తుందో ఆయన వేళ్ళకు తెలుసు. "దాదా, జల్దీ కొరున్," అని క్రేను మీది మనిషి తొందరపెట్టాడు. గురువులు తొందరపడలేదు. జీవితంలో ఇంత దుఃఖంగా ఆయన ఏ పనీ చేయలేదు, ఇంత జాగ్రత్తగానూ చేయలేదు.

ఇంజను గొలుసులకు వేలాడుతూ పైకి లేచి, గోడ పక్కన రెండు దూలాల మీద దిగింది. బరువు పోయిన లారీ ముందువైపు జానెడు పైకి లేచింది. దాన్ని ట్రైలరు మీదికి ఎక్కించారు.

"ఇంజను మీ దగ్గరే ఉండనివ్వండి. మీరు కాదంటే నాకు మనసొప్పదు," అన్నాడు ప్రసన్నకుమార్. గురువులు చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు. మసి మళ్ళీ అంటుకుంది. ఈసారి అతను చొక్కా చూసుకోలేదు.

ట్రైలరు గేటు దాటింది. బొప్పాయి ఆకులు గోడ పైనుంచి కాసేపు కనబడ్డాయి. తర్వాత మలుపు తిరిగింది. గురువులు అలవాటుగా గేటు మూశాడు.

జగ్గమ్మ కదల్లేదు.

"ఏటయ్యా, తుప్పన్నావు. నాను తోమినదానికి తుప్పెక్కడిది?"

ఆయన గేటు గొళ్ళెం సరిచూశాడు.

"నానే పాడుసేసినాను గదా?"

ఇంకోసారి అబద్ధం చెబుదామనుకున్నాడు. ఆమె కళ్ళు చూశాక నోరు రాలేదు. రోజూ పొద్దున్నే ఇంజను తిప్పినవాడు, ఇంట్లో ఆ డబ్బా మూత ఒక్కసారి తీసి చూడలేదు. ఆమె చేతులు శుక్రవారాలు ఏం చేస్తున్నాయో చూడలేదు. అది ఇవాళే తెలిసి సిగ్గేసింది.

"తోమినదానివి నువ్వు. సూడనోడ్ని నాను," అన్నాడు. "ముట్టకే అని ఒక్క మాట సెప్పినానా నీకు? నువ్వొక్కర్తివీ ఏడవకు. ఇద్దరం కలిసే సేసినాం."

జగ్గమ్మ అయినా ఏడ్చింది. ఆయన పక్కన నిలబడ్డాడు. నది వైపు నుంచి గాలి లేచి, నాలుగు పెద్ద చినుకులు దూలాల మీద పడ్డాయి. ఆమె ముక్కు తుడుచుకుని, ఆయన భుజం మీది గావంచా లాగి, ఇంజను మీద పరిచింది. పైనున్న కన్నాలన్నీ కప్పేలా సర్ది, కొసలు కిందికి లాగి కట్టింది.

"అలగేనా?" అంది.

గురువులు దగ్గరికి వచ్చి వంగి చూశాడు. "ఆ మూల ఇంకొంచెం గట్టిగా," అన్నాడు.

ఆమె కట్టింది. ఇద్దరూ ఇంటిదారి పట్టేసరికి వాన అందుకుంది. యార్డులో ఇంజను మీద ఎర్రగళ్ళ గావంచా తడిసి, దాని ఒంటికి అంటుకుపోయి ఉంది.