గడ మీదికెక్కిన పుంజు

పొద్దున్నుంచీ నా ప్రాణం నా దగ్గర లేదు. మా ఆయన సారిదిన్ వాకిట్లో వెదురు గడ పాతి, దాని కొసకి పంజరం లాగి కట్టాడు. అందులో ఆరు నెలల నల్ల పుంజు. ఇంతవరకూ గొంతు విప్పలేదు. మదురా దీవి నుంచి కోళ్ళు కొనే హాజీ గారు ఈరోజు దాని కూత వినడానికి వస్తున్నారని సందంతా చాటాడు.

అడవి పుంజుకీ ఇంటి పెట్టకీ పుడితే దాన్ని బెకిసార్ అంటాం. దాని విలువంతా కూతలోనే ఉంది. రెండే ముక్కలు, గంట కొట్టినట్టు. సురబాయాలో మా ఇరుకు సందులో అలాంటిదాన్ని పుట్టిస్తానని ఆయన మోటార్ సైకిల్ అమ్మి అడవి పుంజుని తెచ్చాడు. నగరం వేడికి అది నెల తిరక్కుండా చచ్చింది. ఆలోగా మా నల్ల పెట్టని చేత్తో పట్టుకుని దాని ముందుంచితే రెండుసార్లు కలిసింది. ఆ గుడ్లలో బతికిన ఒక్క మగపిల్ల ఇదే.

జతకు ముందు రెండు వారాలు పెట్ట బుట్ట కిందే ఉండాలి. పరాయి పుంజు బీజం అన్నాళ్ళూ దాని కడుపులో నిలుస్తుంది మరి. బట్టలుతికే రోజు ఆ బుట్ట నాకు అడ్డమొచ్చింది. ఒక్క పూట ఎత్తాను. పక్కింటి కాస్మి వాళ్ళ నల్ల పుంజు గోడ దూకొచ్చి, నేను చీపురు అందుకునేలోపే పని కానిచ్చుకుని పోయింది. అప్పుడే చెప్పాల్సింది. నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నట్టు ఊరుకున్నాను.

తర్వాత ఈ పిల్ల నెత్తి మీది ఎర్ర జుట్టుకి రంపపు పళ్ళు లేచాయి. మా వైపు అడవి జాతికి అవి ఉండవు. తల్లి పోలికలే అని ఆయనే సర్దిచెప్పుకున్నాడు. నేనూ నమ్మాలనే చూశాను.

ఈరోజైనా చెప్పేద్దామని వెళ్ళాను.

“చాక్,” అన్నాను, మా ఊళ్ళో మొగుణ్ణి పిలిచే తీరులో. “ఒక మాట.”

“తర్వాత చెప్దువులే. దాన్ని బెదరగొట్టకు.”

హాజీ గారు వచ్చారు, కాఫీ తాగారు. రెండో గ్లాసూ అయింది. పుంజు నోరు విప్పలేదు. గోడ మీంచి కాస్మి తొంగిచూసి, మీ అడవి దొరగారికి సిగ్గా అని దెప్పింది. మా ఆయన నుదుటి మీద చెమట కారుతోంది. ఇవాళ కూయకపోతే చాలు దేవుడా అని మొక్కుకున్నాను.

పుంజు మెడ సాచింది. కొక్కొరొకో అంది. నిండుగా నాలుగు ముక్కలు.

గోడవతల నుంచి కాస్మి పుంజు అచ్చం అదే గొంతుతో బదులిచ్చింది.

హాజీ గారు గ్లాసు కింద పెట్టి, పంజరం బాగుందని మర్యాదగా అని లేచారు. వారు సందు మలుపు తిరిగేదాకా ఎవరూ నవ్వలేదు. అదే ఎక్కువ సిగ్గనిపించింది.

సారిదిన్ తాడు విప్పి పంజరాన్ని మెల్లగా దించాడు. తలుపు తెరిచి పుంజుని గోడ మీద కూర్చోబెట్టాడు.

“పోరా,” అన్నాడు. “మీ నాన్న పిలుస్తున్నాడు.”

నా వైపు మాత్రం చూడలేదు.