కెమెరా చెప్పిన టైము

నారాయణగూడలో శ్రీపతికి ప్రింటింగ్ ప్రెస్ ఉంది. 1999 వేసవిలో అక్కడ కాగితం రీములు మాయం కావడం మొదలైంది. అదే సమయంలో అశోక్‌నగర్‌లో ఇంటర్నెట్ సెంటర్ మూసేస్తున్న ఆయన బావమరిది ఒక పాత వెబ్ కెమెరా ఇచ్చాడు. దాన్ని నడిపే ప్రోగ్రాం ఉన్న ఫ్లాపీ పోయింది. ఫ్లాపీ లేకపోతే విండోస్‌లో అది పనిచేయదు.

శ్రీపతి బయటి నుంచి కంప్యూటర్ మనిషిని పిలుస్తానన్నాడు. ప్రెస్‌లో డీటీపీ చేసే ఉమాకాంత్ వద్దన్నాడు. చిక్కడపల్లి లైబ్రరీలో పుస్తకం చదివి, మూలన పడి ఉన్న కంప్యూటర్‌లో విండోస్ బదులు లినక్స్ ఎక్కించింది అతనే. ఆ కెమెరాను నడిపే ప్రోగ్రాం లినక్స్‌లోనే ఉందని అతనికి తెలుసు.

కెమెరాకు రెండు వైర్లు. ఒకటి ప్రింటర్ పోర్టుకు, రెండోది కరెంటు కోసం కీబోర్డు పోర్టుకు. పెట్టాడు. బొమ్మ రాలేదు. కెమెరా దొరకలేదని మెషీన్ చెప్పింది. రెండు సాయంత్రాలు అక్కడే కూర్చున్నాడు. చివరికి తెలిసింది: ప్రింటర్ ప్రోగ్రాం పోర్టును పట్టుకుని వదలడం లేదు. దాన్ని తీసేశాడు. బొమ్మ వచ్చింది కానీ అంతా తెలుపే. ఎదురుగా కిటికీ ఉంది. వెలుతురు తగ్గించాడు. మనుషులు కనిపించారు. కిటికీ మాత్రం తెల్లగానే ఉండిపోయింది. నిమిషానికొక ఫొటో, దాని ఫైలు పేరులోనే టైము వచ్చేలా చేశాడు. శ్రీపతి అందరినీ పిలిచి చూపించాడు. ఇంకమీదట ఎవరు ఎప్పుడొచ్చిందీ ఇందులోనే చూస్తానన్నాడు.

మూడో రోజు శ్రీపతి ఒక ఫొటో దగ్గర ఆగాడు. అందులో కురుమయ్య భుజాన గోనెసంచి ఉంది. టైము రాత్రి పన్నెండు దాటింది.

కురుమయ్య, అతని భార్య కురుమమ్మ పాలమూరు నుంచి వచ్చి ప్రెస్ వెనక గదిలో ఉంటున్నారు. తాళంచెవి అతని దగ్గరే ఉంటుంది. తెల్లవారాక తాళం తీసి, ఊడ్చి, కాగితం కటింగ్ ముక్కలు గోనెలో నింపి బయటపెడతాడు. సంచిలో ఉన్నవి అవేనని, రాత్రి తాళం తియ్యలేదని అతను చెప్పాడు. మళ్లీ మళ్లీ అదే చెప్పాడు.

శ్రీపతి ఉమాకాంత్ వైపు తిరిగాడు. “మెషీన్ తప్పు చెప్తదా?”

“మెషీన్ ఎందుకు తప్పు చెప్తది సార్. మనుషులే చెప్తరు.”

ఆ సాయంత్రానికి వెనక గది ఖాళీ అయింది.

మర్నాడు ఉమాకాంత్ డిస్కులో జాగా కోసం పాత ఫొటోలు తీసేస్తున్నాడు. ఒకదాంట్లో తను టిఫిన్ డబ్బా విప్పుకుని అన్నం తింటున్నాడు. టైము ఉదయం ఏడున్నర. ఏడున్నరకు అతను ఇంట్లో ఉంటాడు; ప్రెస్‌లో అన్నం తినేది మధ్యాహ్నం ఒంటిగంటకు. లినక్స్ ఎక్కించేటప్పుడు పుస్తకంలో ఉన్నట్టే మెషీన్ గడియారాన్ని గ్రీనిచ్ టైముకు పెట్టాడు. తర్వాత మన టైము ఎంచుకోమని అడిగిన చోట చదవకుండా ఎంటర్ కొట్టాడు. మెషీన్ అయిదున్నర గంటలు వెనక ఉంది. కురుమయ్య ఫొటో మళ్లీ తెరిచాడు. అందులో కిటికీ తెల్లగా ఉంది; అర్ధరాత్రయితే నల్లగా ఉండాలి.

శ్రీపతికి చెప్పాడు. ఆయన గడియారం సరిచెయ్యమన్నాడు.

“మరి కురుమయ్య, సార్?”

“తీసేసినోన్ని మళ్ల తెస్తే రేపు నా మాట ఎవడింటడు? పోయిండు, పోనీ. గీ ముచ్చట నీ నోట్లనే ఉండనీ.”

ఉమాకాంత్ గడియారం సరిచేశాడు.

మర్నాడు పొద్దున ముషీరాబాద్ చౌరస్తాకు వెళ్లాడు. పాలమూరు కూలీలు పని కోసం నిలబడేది అక్కడే. కురుమయ్య తట్ట మీద కూర్చుని ఉన్నాడు. కురుమమ్మ మొహం తిప్పుకుంది. ఉమాకాంత్ గడియారం సంగతి మొత్తం చెప్పాడు. తప్పు తనదేనన్నాడు. శ్రీపతి సేఠ్ మళ్లీ రమ్మన్నాడా అని కురుమయ్య అడిగాడు. లేదన్నాడు ఉమాకాంత్.

“గడియారం సంగతి నాకేం ఎర్క సారూ. నువ్వు వచ్చేటాల్లకు రోజూ నేల ఊడ్చి ఉంటుండెనా, లేదా?”

“ఉంటుండె.”

“ఆనాడు సేఠ్‌కు గదే సెప్తే అయిపోతుండె గదా.”

మేస్త్రీ ఇద్దరు కావాలని కేకేశాడు. కురుమయ్య లేచి తట్ట అందుకున్నాడు. కురుమమ్మ అతని వెనక నడిచింది.

ఉమాకాంత్ ప్రెస్‌కు వచ్చేసరికి అందరూ పనిలో ఉన్నారు. కటింగ్ ముక్కలు నేల మీదే ఉన్నాయి. వాటిని తొక్కుకుంటూ వెళ్లి సీట్లో కూర్చున్నాడు. శ్రీపతి స్క్రీన్ చూసి అన్నాడు: “ఏందయ్యా, ఇయ్యాల లేటొచ్చినవ్. ఇప్పుడైతే టైము కరెక్టే గదా?”

కరెక్టేనన్నాడు ఉమాకాంత్.