వంతు మట్టి

పక్షుల్ని చూడడానికి డబ్బు పోసి వచ్చేవాళ్ల కంట పక్షి రెట్ట మాత్రం పడకూడదు. అందుకే సువార్తమ్మ అతిథులు లేవకముందే మేడమీది వరండాలో చేరి, కొబ్బరిపీచుతో ఇనపకమ్మీలు తోముతోంది. రెట్ట ఎండిందంటే సున్నంలా పట్టేస్తుంది, పచ్చిమీదే గీకెయ్యాలి. ఆమె అరవైకి దగ్గరపడిన మనిషి. పొట్టి, బక్కపలచన. రొయ్యల షెడ్డులో ఏళ్ల తరబడి మంచునీళ్లలో తలకాయలు తుంచిన చేతులవి. కుడిచేతి చూపుడువేలు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోదు. దాన్ని పక్కకు చాచి ఉంచుకుని మిగతా వేళ్లతోనే పని కానిస్తుంది.

మేడ కింద చెరువు. ఫోనులో ఈ ఇంటిని అద్దెకిచ్చే చోట ఆ చెరువు పేరు ‘కొల్లేరు లేక్ వ్యూ’. దానికీ కొల్లేటికీ ఏ సంబంధమూ లేదు. అది ఇంటి యజమాని భాస్కరరావుగారు చేపలు పెంచుకునే చెరువు. అసలు కొల్లేరు కనబడాలంటే ఇంకో ఊరు దాటి పోవాలి. గూడబాతులు చేపల కోసం వస్తాయి, మనుషులు గూడబాతుల కోసం వస్తారు, కొల్లేరు చూసొచ్చామని ఫొటోలు పెట్టుకుని పోతారు. అది చేపల చెరువని గూడబాతులకు తెలుసు. మనుషులకు చెప్పే నాథుడు లేడు.

భాస్కరరావుగారి కోడలు మేధ ఏలూరులో కూర్చుని ఆ ఫోను వ్యవహారమంతా చూస్తుంది. వసతులు ఏమేమిటో ఆవిడే రాసింది: ఏసీ, వైఫై, కారు పార్కింగ్, అమ్మమ్మ చేతివంట. కారు పార్కింగు తర్వాత వచ్చే ఆ అమ్మమ్మే సువార్తమ్మ.

ఆ రోజు తెల్లవారుతుండగా ఫోను మోగింది. కొల్లేటి లంకలో ఉండే ఆమె అక్క హన్నమ్మ కొడుకు జాకబ్.

“పిన్నీ, అమ్మ పోయింది. నిద్దట్లోనే పోయింది. టీ తీసుకెళ్లి లేపితే లేవలేదు” అన్నాడు. “ఆదివారం కదా, ఆరాధన అయ్యాక పాస్టరుగారు వస్తానన్నారు. మూడింటికి మట్టి. నువ్వొచ్చేదాకా పెట్టె మూత వెయ్యం.”

హన్నమ్మ పేరుకే అక్క. తల్లి పోయేనాటికి సువార్తమ్మకు నడక కూడా రాలేదు. ఊడ్పులకు పోతూ చెల్లెల్ని చంకనేసుకుని వెళ్లి, చేనుగట్టు మీద గోనెపట్టా పరిచి కూచోబెట్టి, వరస పూర్తయినప్పుడల్లా వచ్చి ముద్దు పెట్టుకుని పోయేది. తనకని కట్టుకెళ్లిన అన్నంలో మెత్తనిదంతా చెల్లెలికే. చెల్లెలి పెళ్లయ్యాకే తాను పెళ్లి చేసుకుంది. ఆ తర్వాత వీరాస్వామి, అంటే సువార్తమ్మ మొగుడు, చెరువుగట్టు మీద మోటారు వైరు తగిలి షాక్ కొట్టి పోయాడు. అప్పుడు కూడా హన్నమ్మే వచ్చి నెలలపాటు పక్కన పడుకుంది. ఆ చెరువు భాస్కరరావుగారిదే. ఆయన జాలిపడి ఆ విధవరాలికి ఈ ఉద్యోగం ఇచ్చాడని ఊరంతా చెప్పుకుంటుంది. కేసు పెట్టకుండా ఉండడానికి ఇచ్చాడని ఎవరూ చెప్పుకోరు. సువార్తమ్మ కూడా ఎప్పుడూ అలా అనుకోలేదు. అనుకుని ఉండాల్సింది.

ఇప్పుడామె కోరేది ఒక్కటే. మూత పడకముందు అక్క ముఖం చూడాలి. నుదుటి మీద చెయ్యి వేసి కాసేపు కూచోవాలి.

భాస్కరరావుగారికి ఫోను చేసింది. ఆయన ఏదో ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసి దిగినవాడు. గొంతు పెంచి మాట్లాడడం ఎవరూ ఎరగరు. తడిగుడ్డతో గొంతు కోసేవాళ్లకు కేకలతో పనేముంటుంది?

“అయ్యయ్యో, ఎంత పని జరిగింది సువార్తమ్మా! వెళ్లు, తప్పకుండా వెళ్లు” అన్నాడు. “పదకొండింటికి ఆ పిల్లలు గదులు ఖాళీ చేసేస్తారు. ఒక్కసారి తుడిచి, దుప్పట్లు మార్చేసి వెళ్లిపో. రేపు కూడా సెలవు కదా, మూడింటికి ఇంకో బ్యాచ్ దిగుతుంది. ఈ ఒక్కపూటకు ఇంకో మనిషిని నేనెక్కణ్ణుంచి తేను చెప్పు?”

“ఆయ్, అలాగేనండి.”

“ఇంకో మాట. వాళ్ల ముందు ఈ సంగతి ఎత్తకు. సరదాగా గడపడానికి వచ్చినవాళ్లు. చావు మాట చెవినపడితే మనసు పాడవుతుంది. ఇంటి గురించి ఏదో ఒకటి రాసిపడేస్తారు.”

“చెప్పనండి” అంది సువార్తమ్మ.

కమ్మీలు తోమడం అయ్యాక స్నానం చేసి, ఆదివారం ఆరాధనకు గుడికి కట్టుకునే తెల్లచీర కట్టింది. చీర మరక పడకుండా నడుము చుట్టూ పాత తువ్వాలు బిగించి, ఉప్మాకు ఉల్లిపాయలు కోసింది. ఉల్లిపాయలు కోసేటప్పుడు ఏడిస్తే ఎవరూ ఎందుకని అడగరు. ఆ కాస్త వెసులుబాటూ ఆమె వాడుకుంది.

ఉప్మా చల్లారింది. పదకొండయింది. మేడమీద తలుపులు తెరుచుకోలేదు. ఏసీ నీళ్లు గొట్టంలోంచి చుక్కచుక్కగా కింద బక్కెట్లో పడుతున్నాయి. సువార్తమ్మ మెట్ల దగ్గర నిలబడి పైకి చూసింది. రెండు మెట్లు ఎక్కి మళ్లీ దిగింది. అప్పుడే భాస్కరరావుగారి ఫోను.

“వాళ్లు కాస్త లేటుగా బయల్దేరతారట. రాత్రి పొద్దుపోయి పడుకున్నారు, చిన్నవాళ్లు పాపం. నేను సరేనన్నాను. భోజనం కూడా పెట్టి పంపించు. మట్టి మూడింటికే కదా, అందుకుంటావులే.”

అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఆమె అక్కతో ఆమెకు మిగిలిన కాసేపటినీ ఆయన ఏలూరులో కూర్చుని ఎవరికో ధారపోశాడు. దానకర్ణుడన్న పేరు కూడా ఆయనకే వస్తుంది. సువార్తమ్మ ఏమంది? అలాగేనండి అంది. ఆ మాటంటే ఒళ్లు మండుతుంది గానీ ఆమెకు చిన్నప్పటినుంచీ నేర్పిన మాట అదొక్కటే. చేలో మేస్త్రీకి అదే చెప్పింది, షెడ్డులో సూపర్‌వైజరుకు అదే చెప్పింది, మొగుడి శవం పక్కన కాగితం మీద వేలిముద్ర వెయ్యమన్నవాళ్లకూ అదే చెప్పింది.

పన్నెండు దాటాక దిగారు. హైదరాబాదు నుంచి వచ్చిన రెండు జంటలు. వాళ్లలో స్నేహ అనే అమ్మాయి కలుపుగోలు మనిషి. దిగుతూనే సువార్తమ్మను చూసి ఆగిపోయింది.

“అమ్మమ్మా! వైట్ శారీలో ఎంత బాగున్నారో! నిన్నటికంటే ఇవాళ నిజం పల్లెటూరి అమ్మమ్మలా ఉన్నారు. ఒక్క సెల్ఫీ, ప్లీజ్. కొంచెం నవ్వండి. ఇంకొంచెం.”

సువార్తమ్మ నవ్వింది. చేత్తో గరిటె పట్టుకుని, పళ్లు కనబడేలా నవ్వింది. అక్కడ లంకలో అక్కకు ఎవరెవరో స్నానం చేయిస్తూ ఉంటారు. ఆ వేళకు ఇక్కడ చెల్లెలు ఫోనులో నవ్వుతోంది. ఆ ఫొటో ఇప్పటికీ ఎక్కడో ఉంటుంది, దానికింద చాలామంది ఎర్రగుండెలు నొక్కి ఉంటారు.

చేపలపులుసు మరుగుతుండగా జాకబ్ మళ్లీ ఫోను చేశాడు.

“పిన్నీ, ఎక్కడిదాకా వచ్చావు?”

“ఇంకా బయల్దేరలేదు నాయనా. వీళ్ల భోజనాలవగానే వచ్చేస్తా.”

“గొయ్యిలో నీళ్లు ఊరుతున్నాయి పిన్నీ. మూడింటిదాకా ఆగేలా లేదు. తొందరగా రా.”

లంకలో సమాధుల తోట మొదటినుంచీ కాస్త పల్లమే. అయినా వెనకటి రోజుల్లో వానాకాలం తప్ప గొయ్యి పొడిగానే ఉండేది. తర్వాత దానికి మూడు వైపులా చెరువులు తవ్వారు. అందులో ఒకటి భాస్కరరావుగారు లీజుకు తీసుకున్నది. చెరువు నిండా నీళ్లు పెడితే పక్కనున్న మట్టిలోకి దిగవా? మండలాఫీసుకు అర్జీలు పెట్టుకున్నారు, పాస్టరుగారు తిరిగారు. చూస్తామన్నారు. బతికున్నవాళ్ల ఇంట్లో గోడ చెమ్మగిలితే నానాయాగీ చేస్తారు. చచ్చినవాళ్లు నీళ్లలో నానుతుంటే నోరెత్తి అడగలేరన్న ధీమాయే అందరిదీ.

సువార్తమ్మ గబగబా వడ్డించింది. స్నేహ మొగుడు చరణ్‌తేజ ఫోను చూసుకుంటూ తింటున్నాడు. ముక్కలో ముల్లు తీసి పెట్టమని ఒకరు, ఆమ్లెట్ కూడా ఉంటే బాగుంటుందని ఇంకొకరు. పెద్ద కోరికలేం కావవి. అడిగినవాళ్లు దుర్మార్గులూ కారు. కానీ ఒక్కొక్కటీ పెట్టె మూతను కాస్త కాస్త కిందికి నొక్కుతోంది. ‘మా అక్క పోయిందమ్మా, నన్నొదిలెయ్యండి’ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పనని మాటిచ్చాను కదా అనుకుని మింగేసి, గుడ్లు గిలక్కొట్టింది.

ఆమ్లెట్ పెనం మీద ఉండగానే మూడోసారి ఫోను మోగింది. జాకబ్ మాట సరిగ్గా వినబడలేదు. వెనక ఇంజను చప్పుడు.

“ఇంజను పెట్టి తోడిస్తున్నాం పిన్నీ. తోడేకొద్దీ వచ్చేస్తోంది. పక్కల మట్టి విరిగి పడుతోంది. ఇంక ఆపితే అమ్మను నీళ్లలోకి దింపాలి. మూత వేసేస్తున్నాం. ఏమనుకోకు పిన్నీ.”

“అలాగే నాయనా” అంది.

స్టవ్ కట్టేసి గోడకు ఆనుకుని నిలబడింది. ఆమ్లెట్ ఏమైందో చూద్దామని వంటింట్లోకి వచ్చిన స్నేహ ఆ ముఖం చూసి బెదిరిపోయింది. “ఏమైంది అమ్మమ్మా?” అంటూ భుజం పట్టుకుంది. అప్పుడు చెప్పింది సువార్తమ్మ.

“మా అక్క పోయిందమ్మా. తెల్లారగట్ల. ఇప్పుడే పెట్టె మూసేస్తన్నారంట.”

“అయ్యో! తెల్లవారుజామున పోతే ఇప్పుడా చెప్పేది? ముందే చెప్పకూడదా? మేం లేచి వెళ్లిపోయేవాళ్లం కదా!” అంది స్నేహ. ఆ పిల్ల కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి.

ముందే చెప్పకూడదా! ఎప్పుడూ ఇంతే. చెప్పొద్దన్నవాడు ఏలూరులో భోంచేసి కునుకు తీస్తుంటాడు. చెప్పలేదన్న తప్పు మాత్రం నోరు మూయించబడ్డదాని నెత్తినే పడుతుంది. సువార్తమ్మకు ఆ పిల్ల మీద కోపం రాలేదు. తన మీద తనకు వచ్చింది, చెంప పగలగొట్టుకోవాలన్నంత కోపం.

చరణ్‌తేజ కంచం వదిలేసి లేచాడు. మిగతా ఇద్దరూ సామాన్లు దించారు. “మేం దింపుతాం, పదండి” అన్నారు. సువార్తమ్మ అలవాటుకొద్దీ తలుపులు వేసి, గేటు మూసి, వాళ్ల కారెక్కింది. దారిలో ఆకివీడు దగ్గర చేపల లారీలు అడ్డం పడ్డాయి. చరణ్‌తేజ హారను కొడుతూనే ఉన్నాడు. లారీల్లోంచి ఐసునీళ్లు కారి రోడ్డంతా తడిగా ఉంది. సువార్తమ్మ ముందు సీటు వెనకభాగం పట్టుకుని, కాళ్లతో తానే నడుస్తున్నట్టు పాదాలు నేలకు అదుముతూ కూచుంది.

లంకలో గట్టు ఇరుకు, కారు పోదు. దిగి నడిచింది. కాసేపటికి నడక పరుగైంది. ఎదురుగా జనం తిరిగి వస్తున్నారు. కొందరు చెరువు నీళ్లలో కాళ్లు కడుక్కుంటున్నారు. ఇంజను ఆగిపోయి ఉంది. దాని గొట్టం గట్టు మీద నీళ్లు లేక అణిగి పడి ఉంది. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు ఆమెను పట్టుకుని ఏడ్చారు. ఆమె ఏడవలేదు.

సమాధి మీద మట్టి ఇంకా బురదగానే ఉంది. దండలు అందులో సగం దిగిపోయాయి. జాకబ్ అక్కడే గొంతుక్కూచుని ఉన్నాడు. చేతులు మోచేతులదాకా బురద.

“చాలాసేపు చూశాం పిన్నీ. నీ వంతు మట్టి ఎవర్నీ వెయ్యనివ్వకుండా ఉంచాను” అని పక్కకు చూపించాడు. పచ్చిగడ్డి మీద విడిగా చిన్న మట్టికుప్ప ఉంది.

సువార్తమ్మ వంగి ఆ మట్టి రెండు చేతుల్లోకీ తీసుకుంది. అందులోంచి నీళ్లు కారి తెల్లచీర మీద పడ్డాయి. ముఖం చూసి వెయ్యాల్సిన మట్టి. మట్టి చూసి మట్టి వేసింది. “అక్కా” అని ఒక్కసారి పిలిచింది, చేనుగట్టు మీదనుంచి పిలిచినట్టు.

అప్పుడు ఫోను మోగింది. మోగి మోగి ఆగి మళ్లీ మోగింది. జాకబ్ ఆమె సంచిలోంచి తీసి ఇచ్చాడు.

“సువార్తమ్మా, కొత్త గెస్టులు వచ్చేశారు. గేటు దగ్గర ఎండలో నిలబడి ఉన్నారు. తాళాలెక్కడ పెట్టావు? గదులు తుడిచావా?” భాస్కరరావుగారి గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది.

సువార్తమ్మ నడుము తడుముకుంది. తువ్వాలు ఇంకా అలాగే కట్టి ఉంది. దాని పక్కన బొడ్లో దోపిన తాళాలగుత్తి చేతికి తగిలింది.

“తుడవలేదండి” అంది. “కంచాలు బల్ల మీదే ఉన్నాయండి. దుప్పట్లు మార్చలేదండి. నేనింక రానండి.”

“సరే, అవన్నీ తర్వాత మాట్లాడుకుందాం. ముందు తాళాల సంగతి చెప్పు.”

“మా అక్క దగ్గర పెడతన్నానండి. వచ్చి తీసుకోండి.”

“అక్క దగ్గరా? అంటే ఎక్కడ?”

“మీ చెరువు పక్కనేనండి. గట్టు మీద కారు రాదు. దిగి నడవాలండి. చెప్పులు విడిచి రండి.”

ఫోను కట్టేసి జాకబ్‌కు ఇచ్చింది. చేతులు చీరకే తుడుచుకుని, అక్క ఇంటివైపు నడిచింది. జాకబ్ ఒకసారి వెనక్కి చూసి, ఆమె వెంట వెళ్లాడు.

హన్నమ్మ తలవైపు పాతిన కొత్త చెక్క సిలువ మొదట్లో, తడిమట్టి మీద, ఆరు తాళాల గుత్తి ఉంది. దానికి వేలాడుతున్న చెక్క గూడబాతు ముక్కుదాకా బురదలోకి దిగింది.