వేలంలో మా గొంతులు

బల్ల మీద కొర్రల మూటకూ గుమ్మడికాయకూ మధ్య మా చర్చి ఆడవాళ్ల కూటమైన స్త్రీల మైత్రి ఫోను కనిపించగానే నాకు ఒళ్లు మండిపోయింది.

కోత పండుగకు మా సంఘంలో ఎవరికి పండింది వాళ్లు తెచ్చి బల్ల మీద పెడతారు. ప్రార్థన అయ్యాక అన్నిటినీ గుడి ముందర వేలం వేస్తారు. మైత్రికి కొత్త ఫోను వచ్చింది కదా అని, పాస్టరు అయ్యగారి గదిలో నేను పెట్టిన పాతదాన్ని సంఘపెద్ద బాలస్వామి కానుకల్లో కలిపేశాడు. మైత్రి పెద్దను నేను. విశ్వాసమ్మ అనే మనిషి ఒకతి ఉందని కూడా ఆయనకు గుర్తు రాలేదు.

"సిమ్ము పెరికేసినా గదక్కా, ఇంకేముండాది దాంట్లో?" అన్నాడు.

ఏముందట! రాయడం రాని ఆడవాళ్లంతా తమ ప్రార్థన అవసరాలను ఆ ఫోనుకు మాటల్లోనే పంపేవాళ్లు. తాగొచ్చి కొట్టే మొగుళ్లు, పోయిన కడుపులు, దాచుకున్న జబ్బులు, అన్నీ ఎవరి గొంతుతో వాళ్లవి అందులోనే ఉన్నాయి. చివరిది ఎస్తేరుది.

"అక్కా, సోమవారం రాయచోటికి మా చిన్నమ్మ దగ్గరికి పోతాండా. ఆయప్పకు తెలిస్తే ఈసారి నన్ను బతకనియ్యడు. నాకోసరం ప్రార్థన చెయ్యి."

ఆయప్ప అంటే ఆమె మొగుడు నెహెమ్యా. పోయిన ఏడు ఆమె చెయ్యి విరగ్గొట్టినవాడు. ఇప్పుడు వేలంలో ముందు వరసలో కూర్చుని ఆ ఫోనునే చూస్తున్నాడు.

"దాన్ని పక్కన పెట్టన్నా," అన్నాను బాలస్వామితో.

"బల్ల మీద పెట్టినాక దేవునిదక్కా. ఎనక్కి తీసుకునే పద్ధతి మనకు లేదు. కావాల్నంటే నువ్వూ పాట పాడు."

అందులోవన్నీ చెరిపించి ఇచ్చినా నాకు నమ్మకం లేదు. కోయిలకుంట్లలో సెల్లులు బాగుచేసే ప్రేమయ్య, చెరిగిపోయిన మా మనవరాలి ఫొటోలను మా కళ్ల ముందే తిరిగి తెచ్చాడు. ఆ ప్రేమయ్య నెహెమ్యాకు దోస్తు. ఇక నేను కొంగు బిగించాను.

నెహెమ్యా పాడాడు. నేను పెంచాను. అతను పెంచాడు, నేను ఇంకా పెంచాను. ఎస్తేరు గోడకు ఆనుకుని నిలబడింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"పగిలిన ఫోనుకు ఇంత పాటేంది పెద్దమ్మా? ఏం దాచినారు దాంట్లో?" అన్నాడు నెహెమ్యా నవ్వుతూ.

"మా ప్రార్థనలప్పా. నీకు రావు గదా, నేర్చుకుంటావా?"

అందరూ నవ్వారు. అతను నవ్వు ఆపి మళ్లీ పెంచాడు. నా దగ్గర ఇక డబ్బు లేదు.

"రెండోసారి..." అన్నాడు బాలస్వామి.

"నా కోడిపుంజు గూడా ఏసుకో!" వెనక నుంచి మా మైత్రిలోని దీవెనమ్మ అరిచింది. "పాట మైత్రిది."

ఆ మాటతో ఆడవాళ్లందరికీ విషయం అర్థమైంది. ఒకామె శనగల మూట అంది, ఇంకొకామె కాళ్ల పట్టీలు తీసింది. ఎవరి గొంతు దాంట్లో ఉందో వాళ్లకు తెలియదా? నెహెమ్యా చిరాగ్గా చెయ్యి విదిలించాడు. మూడోసారి మా పేరే పలికింది.

పండుగ వంటకు తెచ్చిన రోలు దగ్గరికి నడిచాను. ఫోను మూత ఊడదీసి, బ్యాటరీ దూరంగా పెట్టి, మిగతాది రోట్లో వేశాను. మొదటి రోకటి పోటు నాదే. తర్వాత ఒక్కరొక్కరే వచ్చారు. ఇది ఎవరి కోసం జరిగిందో ఎవరికీ తెలియకూడదని, దాంట్లో ఒక్క మాట కూడా చెప్పుకోనివాళ్లను సైతం పిలిచి దంచమన్నాను. ఎస్తేరు కూడా వచ్చి, మొగుడి ముందరే రోకలి ఎత్తింది.

సోమవారం ఆమె రాయచోటి బస్సెక్కింది. నెహెమ్యా వీధి వీధీ తిరిగి అడిగాడు, మా గడపకూ వచ్చాడు. అన్నీ దేవుడితో చెప్పుకునే మా మైత్రిలో అతనికి జవాబు చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు.