కోతకు అవతల

రైలుపెట్టె కిందికి వంగి, బ్రేకు గొట్టం నుంచి గాలి ఎక్కడైనా బుసకొడుతోందేమోనని చెవి ఆనించాడు చంద్రమౌళి. చప్పుడు లేదు. అయినా నమ్మకం కుదరక ఇంకోసారి విన్నాడు. బిలాస్‌పూర్‌లో రైలుపెట్టెలు తనిఖీ చేసే ఫిట్టరతను, అనుమానించడానికే జీతమిస్తారు. బక్కపలచని మనిషి. మోచేతుల దాకా గ్రీజు, వంగి వంగి ముందుకు వాలిపోయిన భుజాలు.

ఆ అనుమానం ఈ మధ్య ఇంట్లోకీ వచ్చింది.

రెండో కాన్పుకు కడుపు కోసినప్పుడు భార్య స్వాతి చావు తప్పి బయటపడింది. ఆమె ఒంటిమీద ఇంకో కత్తి పడకూడదని చంద్రమౌళే వెళ్లి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నాడు. తోటివాళ్లు నవ్వితే నవ్వనీ అనుకున్నాడు. మాఘంలో ఆపరేషన్; హోళీ వెళ్లేసరికి స్వాతికి నెల తప్పింది.

"ఏటి అలా సూస్తన్నావ్? డాక్టర్నే అడుగు. నాను మాత్రం నీకు జవాబు సెప్పను," అందామె ఒక్కసారే.

ఆమెను తోర్వా బజారులో ఆమె పనిచేసే కుట్టు దుకాణం దగ్గర రోజూ బండిమీద దింపే పక్క క్వార్టరు గిరిబాబు, ఆమె ఫోను, ఆమె నవ్వు, అన్నిటికీ చెవి ఆనిస్తూనే ఉన్నాడతను. ఇవాళ పొద్దున డ్యూటీకి వస్తూ కూడా, "ఇయాల కూడా గిరిబాబు బండేనా?" అని అడిగాడు. స్వాతి తల తిప్పలేదు. రొట్టెలు ఒత్తుతూనే ఉంది.

డ్యూటీ దిగి ఆసుపత్రికి వెళ్లాడు. ఎన్నాళ్లో తాత్సారం చేసి, నిన్ననే వీర్యం పరీక్షకు ఇచ్చి వచ్చాడు.

"వీర్యంలో బీజకణాల్లేవు," అన్నాడు డాక్టరు విశ్వనాథం.

చంద్రమౌళి కుర్చీలోంచి లేచాడు. "అయితే ఆ కడుపు నాది కాదు."

"ఆగండి. ఇప్పుడు లేవన్నాను." డాక్టరు కాగితంమీద బొమ్మ గీశాడు. "వృషణాల్లో తయారైన బీజకణాలు ఈ నాళంలోంచే పైకి వెళతాయి. దీన్నే కోశాం. కానీ కోతకు అవతల, అప్పటికే చేరినవి ఉంటాయి కదా? అవి ఖాళీ కావడానికి నెలలు పడుతుంది. వీర్యంలో చాలా భాగం పై గ్రంథుల్లో ఊరే ద్రవమే, కంటికి తేడా తెలియదు. అందుకే అన్నాళ్లూ జాగ్రత్తపడి, పరీక్షకు రమ్మన్నాం. వచ్చారా?"

రాలేదు. చిన్న సీసా పట్టుకుని స్నానాలగదిలోకి వెళ్లడానికి సిగ్గుపడి ఎగ్గొట్టాడు. జాగ్రత్తా పడలేదు.

"మీ ఆవిడను అనుమానించడానికి నాకేమీ కనబడటం లేదు," అన్నాడు డాక్టరు.

దారి పొడవునా చంద్రమౌళి ఒకే మాట కూడదీసుకున్నాడు: తప్పయిపోయింది. పెళ్లయ్యాక ఎన్నడూ అనని మాట.

క్వార్టరుకు తాళం వేసుంది. ఎదురింటి లక్ష్మీనరసమ్మ తాళంచెవి తెచ్చి చేతిలో పెట్టింది.

"స్వాతి పిల్లల్తోటి పలాస బండెక్కేసింది బాబూ. అమ్మ కాడికెల్లిపోతాదట. ఫోను సెయ్యొద్దంది."

కూడదీసుకున్న మాట నోట్లోనే ఉంది. దానికంటే ముందు ఇంకోటి జారిపడింది.

"టేసనుకి ఎవలు దింపేరు?"

ముసలామె అతన్ని ఎగాదిగా చూసింది.

"నానే. ఆటోలో."

వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

లోపల, దండెం మీద పిల్లల బట్టలు లేవు. వంటింటి గట్టుమీద పళ్లెంతో మూసిన చిన్న గిన్నె ఉంది. మూత తీశాడు. ఒక్క మనిషికి సరిపడా పాలు. తోడుపెట్టి వెళ్లింది. గోరువెచ్చగా ఉన్నాయి, ఇంకా తోడుకోలేదు.